టీచరు ఉద్యోగం ఒక్కటే కాదు



నేను పదో తరగతి చదివినదాన్ని. యూనివర్సిటీ చదువు గురించి ఈవిడ మాట్లాడ్డమేంటని కొందరు నవ్వుకుంటారు. అయినా చెప్పాలి, ఎందుకంటే తప్పు నాదే.

రెండేళ్ల కిందట మా సంఘంలో ఒక సభ్యురాలు అప్పు అడిగింది. కూతురు డిగ్రీ అయ్యింది, ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదువుతానంటోంది. "బీఈడీ చేస్తే డీఎస్సీ రాసుకుంటుంది, ఇది చదివితే టీచరు కూడా అవ్వదు కదా" అని నేనే అడ్డం చెప్పాను. తీర్మానం రాయలేదు. ఆ పిల్లకి ఒక ఏడాది పోయింది.

నేనన్నదాంట్లో సగం నిజమే. గవర్నమెంటు బళ్లో టీచరు పోస్టుకి ఈ ఎం.ఏ. ఒక్కటే చాలదు. డీఈడీయో బీఈడీయో చేసి, టెట్ పాసవ్వాలి. మిగతా సగం నాకు తెలీదు. ఆ పిల్లే మా ఇంటికొచ్చి, కోపం లేకుండా, కూచుని చెప్పింది.

పిల్లల పాఠ్యపుస్తకాలు తయారయ్యేది ఎస్‌సీఈఆర్‌టీలో. కాబోయే టీచర్లకి జిల్లాలో శిక్షణ ఇచ్చేది డైట్. బళ్లతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు ఈ ఎం.ఏ. వాళ్లని తీసుకుంటాయి. మండలంలో భవిత కేంద్రం చూసే ఉంటారు. మాట సరిగా రాని పిల్లల్ని దగ్గర కూచోబెట్టుకుని నేర్పుతారే, వాళ్లది స్పెషల్ ఎడ్యుకేషన్. అందులో చేరేముందు కాలేజీకి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

అంతదాకా ఎందుకు, మనకి పద్దుల పుస్తకాలు రాయడం నేర్పినావిడ ఏ బళ్లో టీచరు? నలభై ఏళ్లకి సంతకం నేర్చుకునే మనిషికి ఒకటో తరగతి పిల్లకి చెప్పినట్టు చెప్తే కుదరదు. పెద్దవాళ్లకి ఎలా నేర్పాలన్నదీ ఒక చదువేనంట.

ఇంటి దగ్గరుండి చదవాలంటే ఇగ్నోలో ఏ డిగ్రీ ఉన్నా చేరొచ్చు. బెంగుళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఇంటి ఆదాయం చూసి ఫీజు తగ్గిస్తారు.

జీతం సంగతి దాచను. చాలాచోట్ల కాంట్రాక్టు పనులే. పర్మనెంటే కావాలనుకుంటే ముందు బీఈడీ చేయించండి.

నిరుడు 40 వేలకి తీర్మానం రాశాం, మొదటి సంతకం నేనే పెట్టాను. పిల్ల చదువుతోంది. కిస్తీ వాళ్లమ్మ కడుతోంది, ఇంతవరకు ఒక్క నెల తప్పలేదు.