కాలి సిరల చికిత్స తరువాత ప్రయాణం

(రాయపూర్‌లోని టాటీబంధ్‌లో తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టాటీబంధ్ అనగానే అందరికీ లారీలే గుర్తుకు వస్తాయి. ఇక్కడ మనలో సగంమంది రోజుకు పన్నెండు గంటలు స్టీరింగు ముందు కూర్చునేవారు. తక్కిన సగం గ్యారేజీలలో, గోదాములలో, హోటళ్ళ పొయ్యిల ముందు పన్నెండు గంటలు నిలబడేవారు. ఈ రెండు తరగతులవారికీ ఉమ్మడిగా వచ్చే బాధ ఒకటున్నది. పిక్కల మీద సిరలు నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బుతాయి. మనవాళ్ళు "నరాలు తేలాయి" అంటారు. డాక్టర్లు వేరికోస్ వెయిన్స్ అంటారు.

దీనికి చికిత్స చేయించుకున్నవాడు విమానం ఎక్కవచ్చునా, ఎక్కితే ఎన్నాళ్ళకు ఎక్కవచ్చును అని ఒక సోదరుడు నన్ను అడిగారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళు నిలబడి పనిచేసి, ఆ చికిత్స చేయించుకొని, ఆ తరువాత పొరపాటు చేసినవాడిని. ఆ అర్హతతోనే మాట్లాడుతున్నాను.

ముందుగా కాలి సంగతి. పాదంలోని రక్తం గుండెకు తిరిగి చేరాలంటే నిట్టనిలువునా ఎక్కవలసి ఉన్నది. దానిని పైకి నెట్టేది పిక్క కండరం. మనం అడుగు వేసినప్పుడల్లా ఆ కండరం బిగిసి సిరను పిండుతుంది. ఎక్కిన రక్తం మళ్ళీ జారకుండా సిరలోపల చిన్న చిన్న కవాటాలు ఆపుతాయి. కొందరికి వంశపారంపర్యంగా, కొందరికి కాన్పుల వలన, మరికొందరికి గంటల తరబడి కదలకుండా నిలబడిన కారణంగా ఆ కవాటాలు చెడిపోతాయి. రక్తం క్రిందనే నిలిచి సిర ఉబ్బుతుంది. పూర్వం కోసి ఆ సిరను లాగివేసేవారు. నేడు ఎక్కువగా లేజరుతోనో, రేడియో తరంగాల వేడితోనో లోపలనే మూసివేస్తున్నారు. కొందరికి నురుగు మందు సూదితో ఎక్కిస్తున్నారు. రోగి ఆ రోజే ఇంటికి నడిచిపోతాడు.

ఈ సులువే మనలను మోసగిస్తున్నది. నడిచిపోయినవాడికి జబ్బేమిటి, సెలవెందుకు అంటాడు మేస్త్రీ. మనమూ అలాగే అనుకుంటాము.

నా కుడికాలికి లేజరు చేసిన ఆరవ నాడు ఊరిలో మా మేనమామగారు కాలం చేశారన్న కబురు వచ్చింది. మా మేనల్లుడు హైదరాబాదుకు విమానం టికెట్టు కొన్నాడు. ఇంట్లో అందరికీ విమానమంటేనే భయం. డాక్టరుగారిని అడిగితే ఆయన, "విమానం గంటన్నరే గదా! అక్కడినుండి మీ ఊరికి ఎంతసేపు?" అన్నారు. రాత్రి బస్సులో తొమ్మిది గంటలు అని చెప్పాను. "నాకు భయం ఆ బస్సును గురించే. రెండు వారాలు ఆగి, పెద్దకర్మకు వెళ్ళండి" అన్నారు. కాని అప్పుడు నేను పనిచేస్తున్న కంట్రాక్టరు, మళ్ళీ సెలవు ఇచ్చేది లేదు, వెళితే ఇప్పుడే వెళ్ళు అన్నాడు. వెళ్ళాను. బస్సు చివరి వరుసలో, కాళ్ళ ముందు మూటలు పెట్టుకొని, తెల్లవారేవరకు కదలలేదు.

పది రోజుల తరువాత పిక్క బిగుసుకొని వాచింది. చికిత్స తాలూకు నొప్పే అనుకొని మూడు రోజులు ఊరకున్నాను. స్కానింగులో లోతు సిరలో రక్తం గడ్డ కట్టినట్లు తేలింది. రక్తం గడ్డకట్టకుండా మూడు నెలలు మందులు వాడాను. ఆ గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరి ఉంటే మీ ఎదుట నిలబడేవాడిని కాను.

కనుక దోషం విమానానిదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై చేయించిన పరిశోధన 2007లో వెలువడింది. నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణం ఏదైనా, విమానమైనా రైలైనా బస్సైనా కారైనా, గడ్డ కట్టే అపాయాన్ని సుమారు రెండింతలు చేస్తున్నదని అందులో తేలింది. ఆరోగ్యవంతులలో అది ఆరువేల మందికి ఒకరి మాట. అయితే ఇటీవల చికిత్స జరిగినవారు, బరువైనవారు, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు, ఇదివరకు గడ్డ కట్టినవారు ఆ లెక్కలో చేరరు. వారికి అపాయం ఎక్కువ. మరీ పొడుగువారికి, మరీ పొట్టివారికి కూడా ఎక్కువే. పొట్టివారికి సీటు అంచు మోకాలి వెనుక నొక్కుతుంది.

ఇది క్రొత్త సంగతి కాదు. 1940లో లండను మీద బాంబులు పడుతున్నప్పుడు, రాత్రంతా ఆశ్రయాలలో మడత కుర్చీలలో కూర్చున్నవారు కొందరు ఊపిరితిత్తులలో గడ్డ చిక్కి హఠాత్తుగా చనిపోవడాన్ని కీత్ సింప్సన్ అనే డాక్టరు గమనించి ప్రకటించాడు. విమానాలు ఆకాశంలో ఉన్నాయి. చనిపోయినవారు నేల క్రింద కుర్చీలలో ఉన్నారు.

ఇక ఎన్నాళ్ళు ఆగాలి? అందరికీ వర్తించే ఒకే లెక్క లేదు. చిన్న ప్రయాణానికి ఒకటి రెండు వారాలు, నాలుగు గంటలు మించినదానికి నాలుగు నుండి ఆరు వారాలు ఆగమని చాలామంది డాక్టర్లు చెబుతారు. రాయపూర్ నుండి హైదరాబాదు విమానం మొదటి తరగతిలోకి వస్తుంది. విశాఖపట్నం రైలు, గల్ఫ్ దేశాలకు మారుతూ పోయే ప్రయాణం రెండవ తరగతిలోకి వస్తాయి. కాబట్టి డాక్టరుకు టికెట్టు ఒక్కటే చూపితే చాలదు. ఇంటి గడపనుండి ఊరి గడపవరకు ఎన్ని గంటలు కూర్చోవాలో చెప్పండి.

తప్పనిసరిగా వెళ్ళవలసివస్తే నడవా ప్రక్కనున్న సీటు అడగండి. గంటకొకసారి లేవండి. లేవలేనప్పుడు మడమ ఆనించి వేళ్ళు ఎత్తండి, వేళ్ళు ఆనించి మడమ ఎత్తండి. మంచినీళ్ళు త్రాగండి, మద్యం, నిద్రమాత్రలు వద్దు. డాక్టరు ఇచ్చిన బిగుతు మేజోళ్ళు కొలత ప్రకారం తొడగండి. మధుమేహం, పొగత్రాగుడు వలన కాలి ధమనులు చెడినవారు డాక్టరును అడగనిదే వాటిని తొడగరాదు. ఆస్పిరిన్ బిళ్ళ వేసుకుంటే చాలునన్న నమ్మకం మనలో ఉన్నది. ప్రయాణానికి దానిని నమ్ముకోరాదు. గడ్డకట్టకుండా సూదిమందు అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయించాలి.

చికిత్స తరువాత తొడ లోపలివైపు త్రాడు లాగినట్లుండడం, చర్మం కమిలినట్లుండడం మామూలే. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చబడి, రోజురోజుకూ నొప్పి పెరిగితే అది మామూలు కాదు. ఆ రోజే చూపించాలి. ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, కఫంలో రక్తం కనబడితే గంట కూడా ఆగరాదు. ఎయిమ్స్ ఈ టాటీబంధ్‌లోనే ఉన్నది. ప్రయాణం ముగిసిన తరువాత కొన్ని వారాలవరకూ ఈ జాగ్రత్త ఉండాలి.

సంఘం చేయవలసిన పని కూడా ఉన్నది. నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనులో వ్రాశారు. అయిదు గంటల పనికి మించకుండా డ్రైవరుకు అరగంట విరామం ఇవ్వాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుండి ఈ చట్టాల స్థానంలో లేబర్ కోడ్ వచ్చింది. కూర్చునే ఏర్పాటు అన్న మాట అందులోనూ ఉన్నది. దుకాణాలలో పనిచేసేవారికి కేరళ 2018లోను, తమిళనాడు 2021లోను కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. ఆ అరగంట విరామం మన పిక్కలకు మందు. దానిని కోసి ట్రిప్పులు పెంచడానికి ఒప్పుకోవద్దు.

సెలవు విషయం ఇంకొకటి. ఇ.ఎస్.ఐ. ఉన్నవారికి అనారోగ్య భత్యం వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. చికిత్సకు ముందే సర్టిఫికెట్టులో విశ్రాంతి రోజులతోపాటు "దూరప్రయాణం చేయరాదు" అన్న మాట కూడా డాక్టరుచేత వ్రాయించండి. నా చేతిలో ఆనాడు ఆ కాగితం లేదు. ఇ.ఎస్.ఐ. లేని కంట్రాక్టు కార్మికుల పేర్లు ఈ సాయంత్రమే మన కార్యదర్శిగారికి ఇవ్వండి. వారి జాబితా తయారవుతున్నది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. చాలాసేపటినుండి కూర్చున్నారు, లేచి నిలబడి అడిగినా సరే.