రంగమునుండి వచ్చిన తల్లి



ఈ రజతోత్సవ సభలో పోతనామాత్యుని గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వారి యనుమతితో నేడు మాయమ్మను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. మీలో పెద్దలు ఆమెను 'రంగమ్మ' యని పిలిచెడివారు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. రంగమునుండి వచ్చినది గనుక ఊరు పెట్టిన పేరు.

రంగూనును మన పెద్దలు రంగమనిరి. శ్రీకాకుళము, విశాఖ, గోదావరి ప్రాంతములనుండి వేలకొలది జనము ఓడలెక్కి అచ్చటి ధాన్యపు మిల్లులలోను, రేవులోను కూలికి పోయిరి. కోరంగి రేవు పేరుమీద బర్మావారు మనవారిని కొరంగీలనెడివారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను పట్టణమున సగమునకు మించి భారతీయులే. 1941 డిసెంబరు 23న ఆ పట్టణముపై జపాను బాంబులు పడెను. లక్షలమంది అడవిదారులబట్టి స్వదేశము చేరిరి. దారిలో రాలిపోయినవారు వేలు. మా తాతగారు కదలక అచ్చటనే నిలిచిరి. యుద్ధము ముగిసిన పిమ్మట మాయమ్మ పుట్టినది.

1962లో అచ్చట సైనిక పాలన వచ్చినది. 1964లో దుకాణములు జాతీయమైనవి. ఆ మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు రద్దైనవి. మనవారు మరల ఓడలెక్కిరి. విశాఖలోని బర్మా క్యాంపు అను పేరు ఆ రాకకు గురుతు. పదునెనిమిదేండ్ల పిల్ల మాయమ్మ తండ్రివెంట ఓడ దిగెను. బర్మావానిని పెండ్లాడిన అక్క మాత్రము అచ్చటనే యుండిపోయెను.

కోడలై ఈ యూరికి వచ్చిన క్రొత్తలో ఆమె తనాకా చెక్క అరగదీసి చెంపలకు పూసికొన్నదని పదిమంది నవ్విరి. ఆమె మానివేసెను. మాటలనడుమ బర్మా మాట దొర్లగా నవ్విరి. అదియు మానివేసెను. బియ్యపు సేవెలపై చేపల చారు పోసి మాకు పెట్టి, వీధిలో చెప్పవద్దనెడిది.

బర్మా బడిలో చదువుటచే ఆమెకు తెలుగు అక్షరములు రావు. నేను సాయంకాలము భాగవతము చదువుచుండగా గడపలో కూర్చుండి వినెడిది. ఇరువదియైదేండ్ల క్రిందట మన గ్రంథాలయము తెరచినపుడు, యాభై దాటిన ఆమె పిల్లల బల్లమీద కూర్చుండి అక్షరములు దిద్దెను. "ఇవీ గుండ్రనివే, అవీ గుండ్రనివేరా నాన్నా" అని మురిసెను. నిజమే, రెండు లిపులును బ్రాహ్మీ సంతతివే. ఆ వయస్సున ఆమె మనవైపు అంత దూరము నడచి వచ్చినది. నేనామెవైపు ఒక్క అక్షరమైన నడువలేదు.

మూడేండ్ల క్రిందట అవసానకాలమున ఆమె "అమే, అమే" అని కలవరించెను. అమ్మా యను మాట నోట తిరుగక అట్లనుచున్నదని మేమనుకొంటిమి.

కర్మలైన పిమ్మట పెట్టె తెరచితిని. గుడ్డలో చుట్టిన ఉత్తరముల కట్ట కనబడెను. ఊరి భూముల లెక్కలు వ్రాయువాడను, గురువు లేకయే కావ్యములు చదివితినని గర్వించువాడను, ఆ కాగితములను ఏ వైపు పట్టుకొనవలెనో తెలియక కూర్చుంటిని. కట్టను విశాఖకు గొనిపోయితిని. బర్మా క్యాంపులో ఒక ముసలమ్మగారు కండ్లద్దములు సవరించుకొని చదివిపెట్టిరి. ముందుగా నేనడిగిన మాటకు ఆమె చెప్పిన అర్థమిది: బర్మా భాషలో 'అమే' యనగా తల్లి. మాయమ్మ సరిగనే పలికినది; మేమే సరిగ వినలేదు.

పెద్దమ్మ ఒక ఉత్తరములో ఇట్లు వ్రాసియుండెను: "నీ కొడుకు గొప్ప చదువరి యని వ్రాసితివి. నా జాబులు వానిచే చదివించుకొనుచున్నావా?"

దానికి మాయమ్మ ఏమని బదులు వ్రాసెనో నేనెరుగను.

ఆలోచింపగా ప్రతి యింటి తల్లియు వేరొక ఊరినుండి వచ్చినదే. కోడలి యాసకు నవ్వని ఊరు లేదు. కావున నా మనవి యొక్కటి. ఈ గ్రంథాలయమున ఒక దళసరి పుస్తకమునుంచుదము. మన తల్లులు విడిచివచ్చిన ఊళ్ల పేర్లు, వారి మాటలు, వంటలు అడిగి అందులో వ్రాయుదము. మొదటి పుటకు నేను మాయమ్మ మాట తెచ్చితిని. తల్లులున్నవారు నేటి రాత్రియే అడుగుడు. నాకు ఆ అవకాశము గడచిపోయినది.

సెలవు.