ప్రయాణ నిషేధములు – కుటుంబములు – జాతుల మైత్రి
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు వసతిగృహమును గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వేఱు. పరదేశప్రయాణములకు ప్రభుత్వములు విధించు నిషేధముల వలన కుటుంబములకును, జాతుల పరస్పర భావములకును కలుగు ఫలమెట్టిదో విన్నవింపుడని మమ్మాజ్ఞాపించిరి. ఇది రాజనీతిజ్ఞుల పని గాని కులసంఘమునకేల యని కొందఱు తలంపవచ్చును. కాని యీ సభయందున్న వారిలో సముద్రమునకావల కొడుకో కూతురో మనుమడో లేని గృహస్థులెందఱు? ఒకప్పుడు మన శుభలేఖలు పొరుగూళ్లకు బోయెడివి. నేడు డాలసునకును మెల్‌బోర్నునకును బోవుచున్నవి. ఎచ్చటనో యొక దేశము తలుపు మూసికొన్నచో నా చప్పుడు మన నట్టింట వినబడును.

పరుల తలుపుల మాట యెత్తుటకు ముందు మన తలుపు మాట చెప్పికొనుట న్యాయము. ప్రయాణమును నిషేధించుట ప్రభుత్వములే కనిపెట్టిన విద్య గాదు. కులసభలు దానిని చిరకాలము నడిపినవి. సముద్రము దాటినవానికి వెలి యనుట మన పెద్దలు వినియెఱిగిన మాటయే. 1888వ సంవత్సరమున గాంధీగారు న్యాయశాస్త్రము చదువుటకు సీమకు బయలుదేరినప్పుడు, బొంబాయిలో వారి మోఢ్ వణిక్ కులమువారు సభ జేసి వారిని వెలివేసిరి. వారికి సాయము చేసినవారును, ఓడయొద్దకు సాగనంప బోయినవారును రూపాయి నాలుగణాలు జరిమానా చెల్లింపవలయునని కులపెద్ద శాసించెను. ప్రయాణమునకై సొమ్ము తనయొద్ద నుంచుకొన్న చుట్టమే వెలికి వెఱచి దానినియ్యకపోయెను. ఒక స్నేహితుని బదులుతో వారు ఓడ యెక్కవలసివచ్చెను.

1891వ సంవత్సరమున వారు తిరిగి వచ్చునప్పటికి కులము రెండు పక్షములైయుండెను. వెలి నిలిపిన పక్షమువారి కట్టడి ననుసరించి అత్తమామలుగాని, తోబుట్టువుగాని వారికాతిథ్య మీయరాదు. చాటుగా పెట్టుటకు వారు సిద్ధపడిరి. బహిరంగముగా చేయరానిది చాటున చేయనని గాంధీగారు వారి యింట మంచినీరైనను త్రాగలేదు. ఆ శాసనము ప్రయాణము నాపెనా? ఆపలేదు. వెళ్లినవారు వెళ్లిరి, చదివినవారు చదివిరి. అది ఆపినది అత్తగారి చేతి నీళ్లచెంబును మాత్రమే. నిషేధము ఎవని నుద్దేశించి వ్రాయబడునో వానికంటె వాని యింటివారికి ముందుగా తగులుననుట కింతకంటె నిదర్శనము వలదు.

ఇక మన తెలుగువారి చరిత్రము చూతము. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి రంగూనునకు ఏటేట వేలకొలది తెలుగువారు పోవుచుండిరి. కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో వారిని కోరంగీలనుచుండిరి. వారు ఓడలపై బస్తాలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. ఆలుబిడ్డలను స్వగ్రామములందు విడిచి, కొన్నేండ్లు సంపాదించి తిరిగివచ్చుట వారి యలవాటు. పంపిన సొమ్ముతో ఇచ్చట పొలములు కొనబడెను, పెండ్లిండ్లు జరిగెను.

1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు సమ్మె చేయగా యజమానులు బర్మావారిని పనిలోనికి దింపిరి. సమ్మె ముగియగానే బర్మావారిని పొమ్మని తెలుగువారిని మరల పిలిచిరి. కూలి నిచ్చువారు దూరముగా నిలిచిరి. కూలికై నిలిచిన పేదవారిరువురును ఒకరి నొకరు నఱికికొనిరి. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా ఇండియానుండి వేఱు చేయబడెను. మఱుసటి సంవత్సరమున మరల కల్లోలములు చెలరేగినవి. 1941లో వలసలను కట్టడిచేయు నొడంబడిక కుదిరెను. అంతవఱకు ఒకే రాజ్యములో నొక రేవునుండి వేఱొక రేవునకు బోయిన కూలివాడు, ఊరు కదలకయే పరదేశి యయ్యెను.

ఆ సంవత్సరము డిసెంబరులో రంగూనుపై బాంబులు పడినవి. 1942లో లక్షలమంది భారతీయులు అడవులును కొండలును దాటి నడచివచ్చిరి. త్రోవలో వేలకొలది నశించిరి. మిగిలినవారును, తిరిగి వెళ్లినవారును అచ్చటనే స్థిరపడుదమని తలంచుచుండగా 1962లో సైనికప్రభుత్వము వచ్చెను. 1963, 1964 సంవత్సరములలో అంగళ్లును వ్యాపారములును జాతీయము చేయబడుటతో లక్షలమంది కట్టుబట్టలతో వచ్చిరి. విశాఖపట్టణమందలి బర్మాక్యాంపు ఆ దినముల గుర్తు. కొన్ని కుటుంబములలో నొక తమ్ముడిచ్చట, ఒక యన్న యచ్చట నిలిచిపోయి మరల నొకరి నొకరు చూడనేలేదు. అచ్చటి తెలుగువారి సంతతివారు నేటికిని కలరు. చుట్టఱికము మాత్రము తెగిపోయినది.

మఱియొక ఖండమున నిదే కథ వేఱుగా నడచినది. 1908లో కెనడా ప్రభుత్వము జన్మదేశమునుండి ఎచ్చటను మాఱక నేరుగా వచ్చినవారినే రానిత్తుమని శాసించెను. ఇండియానుండి నేరుగా పోవు ఓడలు లేకపోవుటయే యీ శాసనపు కీలకము. కులము పేరుగాని దేశము పేరుగాని యెత్తకయే తలుపు మూయబడెను. 1914 మే 23వ తేదీన కొమగతమారు అను ఓడ 376 మంది ప్రయాణికులతో వాంకూవరు చేరెను. రెండు నెలలు రేవుననే నిలిపి, కొలదిమందిని తప్ప తక్కినవారిని జూలై 23న వెనుకకు పంపిరి. సెప్టెంబరు 29న కలకత్తా సమీపమున బజ్‌బజ్ రేవులో పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. బ్రిటిషు సామ్రాజ్యప్రజ యను మాటపై నమ్మిక యుంచినవారు కూడ అప్పుడు దానిని వదలుకొనిరి. ఒక ఓడను త్రిప్పి పంపుట సులభమేగాని, దానితోబాటు తిరిగివచ్చిన యవమానమును త్రిప్పి పంపుట కెవరికిని శక్యము కాదు. 2016 మే 18న కెనడా ప్రధానమంత్రి పార్లమెంటునందు క్షమాపణ చెప్పిరి. 102 సంవత్సరములు పట్టినది.

అమెరికా 1917లో ఆసియా ఖండములోని యధికభాగమునకు తలుపు మూసెను. కాలిఫోర్నియాలో వ్యవసాయము చేయుచున్న పంజాబీలు ఆలుబిడ్డలను పిలిపించుకొనలేకపోయిరి. పలువురు మెక్సికో స్త్రీలను వివాహమాడిరి. వారికి క్రొత్త సంసారములు గలిగినవి; ఇచ్చట కొందఱు భార్యలు ముప్పదియేండ్లు త్రోవ చూచిరి. 1946లో సంవత్సరమునకు నూఱుగురి చొప్పున అనుమతి దొరకెను. 1965లో ఆ భేదము తొలగెను. మన బిడ్డలు వెళ్లిన త్రోవ ఆనాడు తెఱవబడినదే.

సమీపకాలపు మాట సంగ్రహముగా చెప్పెదము. 2017 జనవరి 27న అమెరికా అధ్యక్షులు ఏడు దేశములవారి ప్రవేశము నాపిరి. మార్పులతో నది 2021 జనవరి వఱకు సాగెను. ఆ దినములలో అది మనకు తగులదని ఊరకుంటిమి. 2020 జూనులో పనివీసాలు నిలుపబడెను. 2021 మేలో ఇండియానుండి రాకలు నిలుపబడెను. ఆస్ట్రేలియా కొన్ని దినములు తన పౌరులనే ఇండియానుండి రానీయక, వచ్చినచో చెఱ యని శాసించెను. అప్పుడు తగిలినది. తండ్రి చితికి నిప్పుపెట్ట కొడుకు రాలేక, ఫోనుతెరపై చూచి యేడ్చిన గృహములు మనలో కలవు. తల్లిని చూడవచ్చి, బిడ్డలయొద్దకు మరలిపోలేక నెలలు గడపిన స్త్రీలు కలరు.

తన గడప కాచుకొనుట కేదేశమునకైనను హక్కు గలదు. రోగము వ్యాపించుచుండగా కొన్ని దినములు రాకపోకల నాపుట తప్పు గాదు. కాని ప్రతినిషేధమును రెండు ప్రశ్నలడుగవలయును. ఇది మనిషి చేసిన పనినిబట్టియా, పుట్టుకనుబట్టియా? దీనికొక గడువు గలదా? పుట్టుకనుబట్టి తలుపు మూయుట యెట్టిదో కులసంఘమువారమైన మనకు వేఱెవరును నేర్పనక్కఱలేదు. మూసినవారమును మనమే, కొందఱి తలుపుల వెలుపల నిలిచినవారమును మనమే. కాన పరదేశమును నిందించునప్పుడు మన గడపవంక గూడ నొకసారి చూచుకొందము గాక.

ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాము. మొదటిది: అకస్మాత్తుగా త్రోవలు మూయబడి చిక్కుపడిన కుటుంబముల సాయమునకు పోషకులు విద్యానిధియొద్దనే యొక చిన్న నిధి నేర్పఱుపవలయును, ఇచ్చట నొంటరియైన వృద్ధులను వంతులవారిగా చూచు యువకుల పట్టిక యుండవలయును. రెండవది: బర్మానుండి వచ్చిన వృద్ధుల మాటలను, వారి బిడ్డల జ్ఞాపకములను ఇప్పుడే వ్రాసియుంచవలయును. మూడవది: ఒక ప్రభుత్వము చేసిన శాసనమునకు ఆ జాతిజనులను ద్వేషింపకుందము. మన పట్టణములకు చదువవచ్చిన పరదేశవిద్యార్థికి అద్దెయిల్లు దొరకనప్పుడు, వాని తల్లియు మనతల్లివలెనే దూరమున కూర్చుండి యెదురుచూచుచున్నదని తలంతము. జాతుల మైత్రి రాజధానులలో సంతకములతో ముగియునదిగాని, ఆరంభమగునది మాత్రము వీథియరుగుననే.

మా మాటలలో దోషములున్నచో పెద్దలు మన్నింతురు గాక. మీ బిడ్డలు వెళ్లిన ప్రతిత్రోవయు తిరిగివచ్చు త్రోవగా నుండుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాము.