అఖ్తరీబాయి పేరు

ఈ వర్ధంతి సభకు నన్ను పిలిచినవారు పంపిన ఆహ్వానంలో ‘పద్మభూషణ్ బేగం అఖ్తర్’ అని ఉంది. ఆ బిరుదు ఆమె పోయాక, 1975లో వచ్చింది. ‘బేగం’ అన్న మాట కూడా పుట్టుకతో వచ్చింది కాదు. అరవై ఏళ్ల జీవితంలో మొదటి సగం పైచిలుకు ఈ గాయని అఖ్తరీబాయి ఫైజాబాదీ. ఈ పూట నేను మాట్లాడదలచింది ఆ అఖ్తరీబాయి గురించే.

1914 అక్టోబర్ 7న ఫైజాబాద్‌లో కవల పిల్లలు పుట్టారు. తల్లి ముష్తరీబాయి పాటే వృత్తిగా బతికిన మనిషి. తండ్రి అస్గర్ హుస్సేన్ లాయరు. ముష్తరీని రెండో భార్యగా చేసుకుని, కొన్నాళ్లకు పిల్లలతో సహా వదిలేశాడు. నాలుగేళ్ల వయసులో విషం కలిసిన మిఠాయి తిని కవలల్లో జోహ్రా చనిపోయింది, అఖ్తరీ మిగిలింది. అలా మిగిలిన ఒక్క పిల్లకూ సంగీతం చెప్పించడానికి ఆ తల్లి పడిన పాట్లు తక్కువవి కావు. సారంగి విద్వాంసుడు ఇమ్దాద్ ఖాన్, తర్వాత అతా మహమ్మద్ ఖాన్, ఆపైన అబ్దుల్ వహీద్ ఖాన్: గురువులు మారుతూ వచ్చారు.

ముష్తరీబాయి లాంటి వృత్తి గాయనులను అక్కడ తవాయఫ్ అనేవారు. ఆ మాట వినగానే మనవాళ్లకు మేజువాణి గుర్తుకొస్తుంది. పోలిక ఉంది గాని రెండూ ఒకటి కావు. మన కళావంతులకు గుడితో ముడి ఉండేది, వాళ్లకు నవాబుల దర్బారుతో. అయితే పాట కావాలి, పాడే మనిషి మాత్రం ఇంటి గడప తొక్కకూడదు అన్న నీతి రెండుచోట్లా ఒక్కటే.

1934 జనవరిలో బీహార్ భూకంపం వచ్చింది. బాధితుల కోసం కలకత్తాలో కచేరీ పెట్టినప్పుడు ఇరవై ఏళ్లు నిండని అఖ్తరీ పాడింది. విని మెచ్చుకున్నవారిలో మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు ఉన్నారు. గజల్, దాద్రా, ఠుమ్రీ మెగాఫోన్ కంపెనీ రికార్డులెక్కి ఊరూరా తిరిగాయి. పైస్థాయిలో ఆమె గొంతు ఒక్క క్షణం చిట్లేది. సంగీత శాస్త్రం దాన్ని దోషమనే అంటుంది. రసికులు మాత్రం ఆ చిట్లు కోసమే కాచుకుని కూర్చునేవారు. నేనూ ఆ రెండో జట్టులోవాణ్ణే.

టాకీలకు అప్పుడు పాడగల నటులు కావాలి. కొలువులూ మహఫిళ్లూ సన్నగిల్లుతున్న రోజుల్లో గాయనులకు కొత్త దారీ కావాలి. కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ 1933లో తీసిన ‘ఏక్ దిన్ కీ బాద్‌షాహత్’, ‘నల దమయంతి’లో అఖ్తరీ నటించింది. ఇది మనకు పరాయి సంగతి కాదు. సి. పుల్లయ్యగారు ‘లవకుశ’ తీసింది ఆ కంపెనీకే, ఆ ఊళ్లోనే. 1942లో మెహబూబ్ ఖాన్ ‘రోటీ’ వచ్చింది. చంద్రమోహన్, సితారాదేవి, షేక్ ముఖ్తార్‌ల సరసన అఖ్తరీ. అనిల్ బిశ్వాస్ బాణీలకు ఆమె పాడినవాటిలో కొన్ని తెరమీదికే రాలేదు. రికార్డులు ఉండబట్టి దక్కాయి.

1945లో లక్నో బారిస్టర్ ఇష్తియాఖ్ అహ్మద్ అబ్బాసీని పెళ్లాడింది. పరువైన ఇల్లు. పాట మానాలన్న షరతుకు ఒప్పుకుంది. దాదాపు ఐదేళ్లు గొంతు విప్పలేదు. అబ్బాసీ దుర్మార్గుడని నేననను. ఆయన కాలం ఆయనను అంతవరకే పోనిచ్చింది. బయట కూడా గాలి అలాగే ఉంది. 1946లో ప్రసార శాఖ చేపట్టిన సర్దార్ పటేల్ హయాంలో, సొంత జీవితం లోకం నోట పడ్డవారికి రేడియోలో చోటు లేదన్నారు. 1947లో మద్రాసులో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. పిల్లల్ని దేవుడికి అంకితమిచ్చే ఆచారం పోవడం మంచిదే. పాటను ఇన్ని తరాలు మోసిన స్త్రీలకు ఆ మంచిలో గౌరవమైన చోటు చూపించలేదన్నదే నా బాధ.

పాట లేక అఖ్తరీ మంచం పట్టింది. పాడనిస్తేనే మనిషి దక్కుతుందన్నారు వైద్యులు. 1949లో లక్నో రేడియో స్టేషన్‌లో మూడు గజళ్లు, ఒక దాద్రా పాడి వలవలా ఏడ్చింది. ఇక అక్కణ్ణుంచి ఆమె బేగం అఖ్తర్. స్వరం అదే, చిట్లూ అదే. వెనకటి ‘బాయి’ పోయి ముందు ‘బేగం’ వచ్చేసరికి, ఏ తలుపుల ముందు ఆమె ఆగవలసి వచ్చేదో అవన్నీ తెరుచుకున్నాయి.

1958లో సత్యజిత్ రాయ్ ‘జల్సాఘర్’లో చితికిపోతున్న జమీందారు విశ్వంభర రాయ్ ముందు కూర్చుని పాడే గాయని ఆమే. ఆ పాత్ర పేరు దుర్గాబాయి. ఎప్పుడో వదిలివచ్చిన ‘బాయి’ అన్న మాట తెరమీద మళ్లీ పక్కన చేరింది. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నేను పాటకన్నా ఆమె కళ్లనే చూస్తాను.

తర్వాతి ఏళ్లలో ఆమె ఆడపిల్లలకు గండా కట్టి, శిష్యులుగా స్వీకరించి సంగీతం చెప్పింది. శాంతీ హీరానంద్ ఆమెను ‘అమ్మీ’ అనే పిలిచేది. 1974 అక్టోబర్ 30న అహ్మదాబాద్‌లో కన్నుమూసింది. లక్నోకు తెచ్చి పసందబాగ్‌లో తల్లి సమాధి పక్కనే ఉంచారు. ఆ తల్లిని మాత్రం ఈనాటికీ అందరూ ముష్తరీబాయి అనే అంటారు.