బొమ్మ రాని పెట్టె

టెలివిజన్‌లో బొమ్మ రానప్పుడును, నిన్నటివఱకు వచ్చిన ఛానెలు నేడు కనబడనప్పుడును మనము చేయదగిన పనులను గుఱించి ఈ సాయంకాలము నాలుగు మాటలు మనవి చేసెదను. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. నా యజ్ఞానమువలన ఒకరికి నష్టము గలిగినది. అదియే నన్ను మాటలాడించుచున్నది.

2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి, మా ఉద్దానపు కొబ్బరితోటలను నేల గూల్చెను. చాల దినములకు విద్యుత్తు తిరిగి వచ్చెను. మా వీధిలో ఒంటిగా నుండు పిన్నమ్మగారి టెలివిజన్‌లో మాత్రము బొమ్మ లేదు; 'నో సిగ్నల్' అను అక్షరములే కనబడుచుండెను. ఆమెకు ఆ పెట్టె కాలక్షేపము మాత్రమే కాదు. మరల గాలివాన వచ్చుచున్నదేమో తెలిసికొనుటకు అదియే దిక్కు. నేను పెట్టెను రెండు మాఱులు తట్టి చూచి, "ఇది చెడిపోయినది పిన్నీ, వేఱొకటి కొనవలసినదే" అంటిని. ఆమె తన పాడిమేకను అమ్మి, ఒకరు వాడిన పెట్టెను కొని తెచ్చుకొనెను. దానిలోను అవే అక్షరములు! అప్పుడు ఎదురింటి పిల్లవాడు డాబా యెక్కి చూచి, "తాతా, పెట్టెకేమీ కాలేదు, గాలికి డిష్ మొగం తిరిగిపోయింది" అనెను. వాడు దానిని కొంచెము త్రిప్పి బిగించగానే బొమ్మ వచ్చెను. మేక మాత్రము తిరిగి రాలేదు.

నా పొరపాటునకు మూలము పాత యలవాటు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. ఆ కాలమున ఇంటికప్పుపై చేపముల్లు వంటి ఆంటెన్నా యుండెడిది. ప్రసారము బలహీనమైనచో బొమ్మపై చుక్కలు పడెడివి. అయినను ముఖములను ఆనవాలు పట్టగలిగెడివారము. ఇప్పుడట్లు గాదు. కేబులు ప్రసారములు 2012 మొదలు 2017 వఱకు విడతలుగా డిజిటల్ పద్ధతికి మాఱినవి. దూరదర్శన్ వారి నేలమీది పాత ప్రసార స్తంభములును 2022 నాటికి చాలవఱకు మూయబడినవి.

డిజిటల్ పద్ధతిలో బొమ్మ అంకెల రూపమున వచ్చును. చెఱువు నీరు తూము గడపకు పైన నున్నంతవఱకే పొలమునకు పాఱును. గడపకు వ్రేలెడు దిగినచో బొట్టైనను పాఱదు. ఈ సంకేతమును అట్టిదే. చాలినంత యున్నచో బొమ్మ నిర్మలముగా నుండును. కొంచెము తగ్గినచో గళ్ళుగళ్ళుగా విఱుగును. మఱికొంచెము తగ్గినచో నల్లని తెఱయే మిగులును. కావున తెఱ నల్లబడినంతమాత్రమున పెట్టె చెడినదని తలపరాదు.

మఱి చూడవలసిన వరుస యేమి? మొదట బాక్సు దీపము వెలుగుచున్నదా యని చూడుడు. పిల్లలు రిమోటుపై 'సోర్స్' అను మీటను నొక్కినచో బాక్సు బాగుగనే యున్నను బొమ్మ రాదు. రెండవది తీగ. బాక్సునకు విద్యుత్తు ఆపి, తీగ కొనలను విప్పి చూడవలెను. వాననీరు చేరి చిలుము పట్టినచో ఆ మేరకు కోసి, క్రొత్త కనెక్టరు బిగింపవలెను.

మూడవది డిష్. ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండును. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్నందున, తెలుగునాట దాని డిష్ దక్షిణమునకును తూర్పునకును నడుమ, ఆగ్నేయముగా చూడవలెను. కొన్నియేండ్ల క్రిందటి వేపమొక్క నేడు కొమ్మలు సాచి అడ్డు నిలిచియుండవచ్చును. బాక్సు తెఱపై బలము, నాణ్యత అను రెండు గీతలు కనబడును. బలము నిండుగా నున్నను నాణ్యత లేనిచో డిష్ గుఱి తప్పినదని గ్రహింపుడు. పెద్దలు మీరు డాబా యెక్కవలదు. తెఱ చెంత కూర్చుండి గీతను చెప్పుచుండుడు, పడుచువాడు త్రిప్పును. జడివానలో బొమ్మ పోయినచో ఏమియు చేయవలదు. వాన వెలియగానే అదియే వచ్చును.

ఇక ఛానెళ్ళు తప్పిపోవుట. అన్నియు పోక కొన్నియే పోయినచో, అవి స్థానము మాఱియుండవచ్చును. బాక్సు మెనూలో 'ఆటో స్కాన్' చేసినచో మరల దొరకును. కాని సంకేతము లేని వేళ స్కాన్ చేయరాదు. ఉన్న జాబితాయు తుడిచిపెట్టుకొని పోవచ్చును. స్కాన్ చేసినను రానిచో, అదే సేవ గల పొరుగింట విచారింపుడు. అక్కడను లేనిచో ఆ ఛానెలే తొలగినదన్నమాట. ఫ్రీ డిష్‌లో ప్రయివేటు ఛానెళ్ళు వేలములో చోటు పొందును. గడువు తీరినచో కొన్ని వెడలిపోవును. పొరుగింట నుండి మన యింట లేనిచో, మన బాక్సు పాతదై క్రొత్త ఎంపెగ్-4 పద్ధతిని చదువలేకుండవచ్చును. అప్పుడు మార్చవలసినది బాక్సును గాని టెలివిజన్‌ను గాదు. కేబులు, చందా డిష్‌లయందు 2019 ఫిబ్రవరి 1 నుండి ఛానెళ్ళను ఎన్నుకొని వెల చెల్లించు పద్ధతి వచ్చినది. కనుక చందాను కూడ చూచుకొనవలెను. ఫ్రీ డిష్‌నకు నెలచందా లేదు. ఎవరైన అడిగినచో ఇయ్యకుడు.

నేను మేక వెల ఇయ్యబోగా పిన్నమ్మగారు పుచ్చుకొనలేదు. "సొమ్మెందుకు బాబూ! ఇంకొకరికి ఇలా జరక్కుండా చెప్పు, చాలు" అనెను. ఆ డిసెంబరులో పెథాయ్ తుపాను వచ్చినప్పుడు ఆమె ఆ వార్తలను తన యింటనే చూచి, మా యింటికి వచ్చి చెప్పెను. ఆమె మాట నేడు చెల్లించుకొంటిని. తీగ, డిష్, స్కాన్, చందా: ఈ నాలుగింటిని చూడనిదే ఎవరును క్రొత్త పెట్టెకై సొమ్ము తీయకుందురు గాక.