ఇచ్చిన మాట – ఇంటి ఐకమత్యం
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారి ఐకమత్యాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినారు. నేను మన అనైక్యాన్ని గూర్చి చెప్పదలచినాను. జబ్బు తెలియనిదే మందు కుదరదు గదా!

మనం కూర్చున్న ఈ చెన్నపట్నంలోనే, 1937 నవంబరు 16న, దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహంలో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడిక చేసుకొన్నారు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం వస్తే తమ గతి ఏమౌతుందని సీమవారికి సందేహం. అది తీర్చడానికై, నదీజలాల వినియోగంలో పదేండ్లపాటు సీమకూ నెల్లూరుకూ ముందు చోటు ఇవ్వాలనీ, రాజధాని, హైకోర్టు రెండింటిలో ఏది కావాలో సీమవారే కోరుకోవాలనీ వ్రాసుకొన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. హైకోర్టు గుంటూరుకు వెళ్ళింది. మూడేండ్లు గడిచేసరికి, 1956లో, రాజధానీ హైకోర్టూ రెండూ హైదరాబాదు చేరినవి. సీమవారి చేతిలో కాగితం మిగిలింది.

ఆ 1956లోనే, ఫిబ్రవరి 20న, ఢిల్లీలో మరొక కాగితం వ్రాసినారు. దానినే పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతీయుడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవాడై ఉండాలన్నారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చుపెట్టాలన్నారు. తొలి మంత్రివర్గంలోనే ఆ ఉపముఖ్యమంత్రి పదవి లేకపోయింది. నిధులు, ఉద్యోగాల విషయమై పెరిగిన అసంతృప్తి 1969లో తెలంగాణ ఉద్యమమై రగిలింది. 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. 1973లో ఆరు సూత్రాల పథకంతో అతుకు వేశారు. చివరకు 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలైనవి.

ఎవరిది తప్పు అని తేల్చడానికి నేను నిలుచోలేదు. అభిప్రాయభేదం లేని ఇల్లు లేదు. ఇచ్చిన మాట పెద్దవాడు మరచిపోతాడు, చిన్నవాడు మరవలేడు. చీలిక అక్కడ మొదలౌతుంది.

ఇక మన సంగతి చూడండి. నాయకరాజుల కాలంనుంచి ఈ నేలమీద ఉన్న కుటుంబాలు మనలో ఉన్నవి. వారి పిల్లలు నోరు విప్పితే "అరవ తెలుగు" అని నవ్వుతాము. కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన తెలంగాణ సోదరీమణులు బతుకమ్మ ఆడుకొంటామంటే "వీలుంటే చూద్దాం" అంటాము. సంక్రాంతికి మాత్రం వీలు ఎప్పుడూ ఉంటుంది! ఆ నవ్వూ ఈ వాయిదా సహించలేక కొన్ని కుటుంబాలు సభలకు రావడం మానివేసినవి. వారి పిల్లలకు తెలుగు అక్షరం ఎవరు నేర్పుతారు?

కావున నా మనవి మూడు. కార్యవర్గంలో అన్ని ప్రాంతాలవారికీ, పాతకాపులకూ చోటు ఉండాలని నియమావళిలో వ్రాసుకొందాం. బతుకమ్మకూ సంక్రాంతికీ సమానంగా ఖర్చు పెడదాం. వ్రాసుకొన్నదానిలో ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నది ఏటేటా ఉగాదినాడు పంచాంగ శ్రవణం తరువాత అందరి ఎదుట చదువుదాం.

పంచాంగం రాబోయే ఏడు సంగతి చెబుతుంది. గడచిన ఏడు మాట నిలుపుకొన్నామో లేదో మనమే చెప్పుకోవాలి. సెలవు.