బెడ్‌రూమ్ గోడ కొట్టే ముందు ఈ ఎపిసోడ్ చూడండి

ఈ రోజు మాట్లాడేది మా ఇంట్లో నేను చేసిన తప్పు గురించి. కోడ్‌లో తప్పు చేస్తే పాత వెర్షన్‌కి వెళ్లిపోవచ్చు. గోడ కొట్టాక అలా కుదరదు కదా.

మాది కూకట్‌పల్లిలో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. నాన్నకి మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక వాకర్‌తో తిరగడానికి బెడ్‌రూమ్ సరిపోవట్లేదు. పక్కనే బాల్కనీ ఉంది, మధ్య గోడ తీసి కలిపేద్దాం అనుకున్నా. "అర్ధరోజు పని సార్" అన్నాడు మేస్త్రీ. మన ఇల్లే కదా, ఎవర్ని అడగాలి అనుకుని సరే అన్నా.

మధ్యాహ్నం కింది ఫ్లోర్ ఆంటీ పైకొచ్చారు. అరవలేదు. ఫోన్‌లో ఫొటో చూపించారు. వాళ్ల సీలింగ్ పెచ్చు ఊడి, మనవడు పడుకునే మంచం మీద పడి ఉంది. పిల్లాడు అప్పుడు స్కూల్లో ఉన్నాడు. "ఇంకా ఎంత కొడతారు బాబూ?" అన్నారు, అంతే.

పని ఆపేసి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలిచా. ముందే పిలవాల్సింది, ఫీజు దండగ అనుకున్నా. గోడ ఇటుకదే, దానితో పెద్ద ప్రమాదం లేదు. కానీ వాకర్‌కి మెట్టు అడ్డు రాకూడదని మేస్త్రీ గోడ అడుగున కాంక్రీటు కూడా చెక్కేశాడు. అసలు సమస్య అదీ. బాల్కనీ స్లాబ్‌కి బయటివైపు పిల్లర్ ఉండదు, గాల్లో వేలాడుతుంది. దాన్ని పట్టుకుని ఉండే కడ్డీలు స్లాబ్ పైభాగంలో ఉంటాయి, సరిగ్గా ఆ గోడ దగ్గరే. అవి బయటపడ్డాయి. ఆ రాత్రికి ఆంటీ వాళ్ల బాల్కనీలో జాకీలు పెట్టించాం. రిపేర్ ఖర్చు, వాళ్ల సీలింగ్ ఖర్చు, అన్నీ నావే.

ఇప్పుడు పర్మిషన్ల సంగతి. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పెయింటింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ మార్చడం, ఫాల్స్ సీలింగ్, లోపల పార్టిషన్ లాంటి వాటికి పర్మిట్ అక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది: బిల్డింగ్ బలానికి, ఫైర్ సేఫ్టీకి, గాలి వెలుతురుకి దెబ్బ తగలకూడదు. ఫాల్స్ సీలింగ్ వేసినా గది ఎత్తు 2.75 మీటర్లు, ఏసీ గదైతే 2.4 మీటర్లు ఉండాలి. బాల్కనీని గదిలో కలపడం ఈ లిస్టులోకి రాదు, అది ప్లాన్ మార్చడమే. పైగా ఫ్లాట్‌లో పిల్లర్లు, బీములు, బయటి గోడలు మన ఒక్కరివే కావు, అందరివీ. కొత్త టవర్లలో మైవాన్ షట్టరింగ్‌తో కడితే లోపలి గోడలు కూడా కాంక్రీటే, బరువు మోసేవే. వైరింగ్ కోసం గాడి కొట్టాలన్నా ఆగి అడగండి.

సొంతిల్లు ఉండి పైన ఇంకో బెడ్‌రూమ్ వేసుకునేవాళ్లకి దారి వేరు. తెలంగాణలో 2020 బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో జీ ప్లస్ వన్ దాకా అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకుంటే చాలు. అంతకన్నా పెద్ద స్థలమైతే, 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్. అబద్ధం రాస్తే మాత్రం నోటీసు లేకుండానే కూల్చేయొచ్చు.

ఇంకొకటి, పాత ఫ్లోరింగ్ తీయకుండా దాని మీదే గ్రానైట్ వేయించేవాళ్లు చాలామంది ఉన్నారు. లెక్క వేద్దాం. రెండంగుళాల సిమెంటు మాలు, 18 మిల్లీమీటర్ల రాయి కలిపితే చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. 12 బై 12 గదికి దాదాపు రెండు టన్నులు! స్లాబ్ మీద ఒక కారు పార్క్ చేసినట్టే.

మరి నాన్న సంగతంటారా? గదిలో పాత బీరువా హాల్లోకి మార్చి, మంచం అడ్డంగా తిప్పాం. వాకర్ హాయిగా తిరుగుతోంది. ఆ మాట అమ్మ మొదటి రోజే చెప్పింది, నేనే వినలేదు.

మీ అపార్ట్‌మెంట్ శాంక్షన్ ప్లాన్‌ని ఎలా చదవాలో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటా మరి, బై.